మీటలు నలభై తొమ్మిదా, అరవై ఒకటా?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కాపురముంటున్న యావన్మంది తెలుగువారికీ ఒకనాడు ఒక శుభవార్త అందింది. ఆఫీసు సూపరింటెండెంటు తిరుమలరావు ఇంట్లో కూర్చునే సంగీతం చెయ్యబోతున్నాడని ఆ వార్త సారాంశం. రెండేళ్ళపాటు అది శుభవార్తగానే నిలిచింది. కారణం, ఆ రెండేళ్ళూ ఆయన సంగీతం చెయ్యలేదు.

చెయ్యకపోవడానికి బద్ధకం కారణం కాదు. తిరుమలరావు తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి షెడ్డులో ఇంజన్లకు బొగ్గు వేశాడు. తండ్రి అదే షెడ్డులో ఫిట్టరు. మూడో తరానికి కుర్చీ దొరికింది. కుర్చీలో కూర్చున్నవాడు నిర్ణయం తీసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. పరిశీలన లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. పరిశీలన ఎప్పటికీ పూర్తి కాకూడదు. ఈ మూడు సూత్రాలనూ ఆయన తన సర్వీసులో ఒక్కరోజు కూడా తప్పలేదు.

అసలు సంగతి తిఫ్రా దారిలో మొదలైంది. ఒకరోజు పొద్దున తిరుమలరావు స్కూటరు మీద వెళ్తుంటే రైలు గేటు పడింది. బొగ్గు గూడ్సు వచ్చింది. ఈ ఊళ్ళో బొగ్గు గూడ్సంటే ఏమిటో తెలిసినవారికి చెప్పక్కర్లేదు. మొదటి డబ్బాను చూసిన మనిషి ఆఖరి డబ్బా వచ్చేసరికి కొంత ముసలివాడవుతాడు. చుట్టూ జనం ఊరకే హారన్లు కొడుతున్నారు. ఆ గోలలోంచి, ఆ డబ్బాల దడదడలోంచి, తిరుమలరావుకి ఒక బాణీ వినిపించింది. ఎక్కడా విన్నది కాదు. ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు. తనదే. గేటు లేచినా ఆయన కదల్లేదు. వెనకనున్నవాళ్ళు హిందీలో కొందరూ ఛత్తీస్‌గఢీలో కొందరూ తిడుతుంటే, ఆ తిట్లు కూడా తాళంలోనే పడ్డాయి.

ఇంటికి రాగానే భార్య నీలవేణికి చెప్పాడు.

“అచ్ఛా! ఏదీ, పాడండి,” అంది ఆవిడ, చేతిలో పప్పుగరిటె అలాగే పట్టుకుని.

“గరిటె ముందు పాడేది కాదది. పద్ధతిగా చెయ్యాలి.”

“పోనీ ఫోనులో పాడి ఉంచుకోండి. మర్చిపోతేనో?”

“నా బాణీ నేను మర్చిపోతానేటి?” అన్నాడు తిరుమలరావు. ఆ మాటతో నీలవేణి మళ్ళీ పప్పు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంట్లో పద్ధతిగా సంగీతం చెయ్యాలంటే మిడి కంట్రోలర్ అనే వస్తువు ఉండాలని ఆయనకు తెలిసింది. తెలియనివారి కోసం దాని వివరం: చూడ్డానికి హార్మోనియంలా తెల్ల మీటలూ నల్ల మీటలూ ఉంటాయి. నొక్కితే శబ్దం రాదు. దాన్ని తీగతో కంప్యూటరుకు తగిలిస్తే, ఫలానా మీట నొక్కారనీ, ఇంత గట్టిగా నొక్కారనీ కంప్యూటరుకు కబురు పంపుతుంది. వాయించే కష్టం కంప్యూటరుది. అనగా, తాను ఏమీ చెయ్యకుండా, ఎవరు ఏం చెయ్యాలో పురమాయించే పరికరం. ఆఫీసు మనిషికి అలాంటి వస్తువును చూడగానే సొంత బంధువును చూసినట్టు అనిపించడంలో వింత లేదు.

ఆయన తల్లి అప్పయమ్మకు మాత్రం వింతగానే అనిపించింది.

“సప్పుడు రాదా?” అని అడిగింది.

“రాదమ్మా. సప్పుడు కంప్యూటర్లోంచి వస్తాది.”

“అలాగైతే కంప్యూటర్నే కొట్టుకోరాదేట్రా? మూగపెట్టె కొని సంగీతం సేత్తానంటన్నాడు. ఒలే నీలేణీ, ఈడికి ఎండ తగిలినట్టున్నాది, మజ్జిగియ్యి.”

మజ్జిగ తాగి తిరుమలరావు పరిశీలన ప్రారంభించాడు. ఇంటర్నెట్టులో ఈ విషయం మీద ప్రసంగించే యువకులు వేలమంది ఉన్నారు. వాళ్ళందరూ గడ్డాలు పెంచుకుని, ఊదారంగు దీపాల మధ్య కూర్చుని, అరగంట మాట్లాడి, చివర్న ఒకే మాట చెబుతారు: ఏది కొనాలన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుందని. తిరుమలరావు గుండె కదిలిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నీ అవసరమేమిటని ఆయన్ని అడిగినవారు లేరు. ఉద్యోగమిచ్చినవారు అడగలేదు, పెళ్ళి చేసినవారు అడగలేదు, పేరు పెట్టినవారసలే అడగలేదు. మొదటిసారి ఎవరో గడ్డంవాళ్ళు అడిగారు. సమాధానం చెప్పకుండా ఎలా కొంటాడు?

మీటల సంఖ్య దగ్గరే వానాకాలం గడిచిపోయింది. ఇరవై అయిదు మీటలది ఒళ్ళో పడుతుంది. ఒళ్ళో పట్టే వాద్యాన్ని చూసి చుట్టాలేమనుకుంటారు? నలభై తొమ్మిది ఫర్వాలేదు గాని, ఫర్వాలేదన్న మాటలోనే ఒక లేమి ఉంది. అరవై ఒకటి నిండుగా ఉంటుంది. కాని అరవైకి రిటైరయ్యేవాడి ఇంట్లో ఆ అంకె శుభమా? ఎనభై ఎనిమిది మీటలది పెట్టాలంటే ముందుగదిలో మంచం తీసెయ్యాలి. మంచం మీద అప్పయమ్మ ఉంటుంది.

తర్వాత బరువు మీటలా, తేలిక మీటలా అన్న ప్రశ్న వచ్చింది. కొనకుండానే తేల్చుకునేందుకు ఆయన ఇంట్లో ఉన్నవన్నీ నొక్కి చూశాడు. చపాతీపిండి బరువు మీటకు దగ్గరగా ఉందనీ, ఇడ్లీ తేలిక మీటకు సాటి అనీ నిర్ధారించాడు. ఒక ఆదివారం ఎనిమిది ఇడ్లీలు వరసగా పేర్చి ఆరోహణ, అవరోహణ వాయించాడు. ఇంట్లో మిగతావాళ్ళు ఆ పూట ఉప్మా తిన్నారు.

ఖరీదైన కంట్రోలర్లలో ఇంకొక సదుపాయం ఉంది. మీట అడుగుదాకా దిగిపోయాక, ఇంకా నొక్కితే, ఆ నొక్కుడుకు వేరే భావం పలుకుతుంది. తిరుమలరావు దీని గొప్పతనం తల్లికి వివరించాడు.

“ఒప్పుకున్నాక కూడా నొక్కడమేటి? మా అత్తకుండేదిరా ఆ గుణం,” అంది అప్పయమ్మ. “అదిప్పుడు కొనుక్కోవాలేటి?”

కాలేజీలో చదువుతున్న కూతురు శ్రీనిధి ఒక్కసారే కలగజేసుకుంది. “డాడీ, కుఛ్ భీ లేలో నా! ఇంత సోచ్‌నా ఏముంది?” తిరుమలరావు జాలిగా నవ్వాడు. ఆలోచించకుండా కొనేవారి వల్లే దేశం ఇలా ఉందని ఆయన ఉద్దేశం.

ఇంతలో ఆయన ప్రతిభ గోడ దాటింది. కాలనీలో ఎవరికి ఫ్రిజ్ కొనాలన్నా, పరుపు కొనాలన్నా, సంబంధం చూడాలన్నా ముందు తిరుమలరావు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఒక్క వస్తువు మీద ఇంతకాలం ఆలోచించగలిగిన మనిషి అన్ని వస్తువుల మీదా ఆలోచించగలడని వాళ్ళ నమ్మకం. ఆయన అందరి మాటా విని, అందరినీ ఆగమన్నాడు. ఆగినవారిలో ఒక పెళ్ళికొడుకు ఇప్పటికీ ఆగే ఉన్నాడు.

కాగిన పాల మీద మీగడలా ఇదంతా తేలుతుంటే బిలాస్‌పూర్ ఆంధ్ర లలిత కళా సమాజం ఊరుకుంటుందా? దాని అధ్యక్షుడు రమణమూర్తి. రిటైరయ్యాక మాట్లాడటం తప్ప వేరే వ్యసనం లేని సజ్జనుడు. ఆయన సమాజం హాలులో “మిడి కంట్రోలర్: నిన్న, నేడు, రేపు” అనే అంశం మీద తిరుమలరావు చేత ప్రసంగం ఏర్పాటు చేశాడు. సమాజం చరిత్రలో సంగీత కార్యక్రమానికి జనం చివరిదాకా కూర్చోవడం అదే మొదలు. అందులో సంగీతం లేకపోవడమే ఆ విజయానికి కారణమని కార్యవర్గం ఏకగ్రీవంగా గుర్తించింది.

ప్రసంగానంతరం న్యాయవాది శంకరరావు లేచాడు. ఆయన ఊళ్ళోనే కుదుదండ్ పేటలో ఉంటాడు, రోజూ ఊరవతల బోద్రీ వెళ్ళి హైకోర్టులో వాదిస్తాడు, సాయంత్రం మిగిలిపోయిన వాదన ఉంటే ఇక్కడికి తెస్తాడు. శబ్దం చెయ్యని వస్తువును సంగీతవాద్యమనవచ్చునా అన్నది ఆయన ప్రశ్న. అనవచ్చునని గంటసేపు వాదించాడు. ఎదుటివారెవరూ లేవకపోవడంతో, అనరాదని తనే ఇంకో గంట వాదించి, తీర్పు రిజర్వు చేశాడు.

తిరుమలరావు ఏది కొనాలన్న ప్రశ్న మీద ఆ రాత్రి సమాజం రెండుగా చీలింది. నలభై తొమ్మిది మీటలవారు ఒకవైపు, అరవై ఒక్క మీటలవారు ఇంకొకవైపు. వాళ్ళలో సగంమందికి మీట అంటే నొక్కేదో తిప్పేదో తెలియదు. కాని చీలడానికి తెలియడం అక్కర్లేదని మన ప్రజాస్వామ్యం ఏనాడో రుజువు చేసింది. నలభై తొమ్మిదివారు పొదుపుకూ సంప్రదాయానికీ ప్రతినిధులుగా, అరవై ఒకటివారు అభివృద్ధికీ ఆత్మగౌరవానికీ ప్రతినిధులుగా స్థిరపడ్డారు. వినాయకచవితికి రెండు పందిళ్ళు వేశారు. అరవై ఒకటివారి ఇంటికి పిల్లనిచ్చేది లేదని ఒక నలభై తొమ్మిది తండ్రి బాహాటంగా ప్రకటించాడు. ఆ పిల్లకు ఏడేళ్ళు.

సయోధ్య కోసం రమణమూర్తి ఒక ఉపసంఘాన్ని నియమించాడు. కంట్రోలర్లను కళ్ళారా చూసి రావడానికి ఉపసంఘం నాగపూర్ వెళ్ళింది. ఆ రోజు అక్కడ వాయిద్యాల దుకాణాలకు సెలవు. కమలాపళ్ళ మార్కెట్టుకు సెలవు లేదు. తిరిగొచ్చి సమర్పించిన నివేదికలో పళ్ళు తియ్యగా ఉన్నాయనీ, తొక్క పలచగా ఉందనీ, కంట్రోలర్ల విషయమై రెండోసారి వెళ్ళవలసిన అవసరం కనబడుతోందనీ రాశారు. నివేదికను కరతాళధ్వనుల మధ్య ఆమోదించారు.

ఇలా రోజులు సవ్యంగా గడిచిపోతుండగా ఒక సాయంత్రం నీలవేణి బట్టలు మడతపెడుతూ ఊరికే అడిగింది.

“ఏటండీ, ఆ బాణీ ఇప్పుడైనా ఒకసారి కూనిరాగం తియ్యండి. ఎంత మంచిదో వింటాను.”

ఆవేళ తిరుమలరావు మనసు బాగుంది. సరేనని గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

మళ్ళీ తెరిచాడు. మొదటి రెండు స్వరాలు వచ్చాయి. మూడోది దగ్గర గోడ తగిలింది. కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళ వెనక ఊదారంగు దీపాలు కనిపించాయి, గడ్డాలు కనిపించాయి, మీటలు కనిపించాయి. బాణీ మాత్రం లేదు.

“నీకు గుర్తుందేటి?” అని భార్యను అడిగాడు.

“నాకెలా గుర్తుంటాదండీ?” అంది నీలవేణి మెల్లగా. “మీరెప్పుడూ నాకు వినిపించలేదు కదా.”

మర్నాడు తిరుమలరావు ఆఫీసుకు సెలవు పెట్టి తిఫ్రా గేటు దగ్గరికి వెళ్ళాడు. గేటు పడింది. గూడ్సు వచ్చింది. అవే డబ్బాలు, అదే బొగ్గు, అదే దడదడ. ఆయన స్కూటరు దిగి, గేటు కమ్మీకి దాదాపు చెవి ఆనించి విన్నాడు. అది గూడ్సుబండి చప్పుడు. అంతకన్నా ఏమీ కాదు. అది వెళ్ళాక ఇంకొకటి వచ్చింది, దాని తర్వాత మరొకటి. పొద్దెక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. పక్కన ఆగిన సమాజం సభ్యుడొకడు గుర్తుపట్టి, “ఏమండీ, చివరికి నలభై తొమ్మిదేనా?” అని ఆప్యాయంగా అడిగాడు. తిరుమలరావు హెల్మెట్ పెట్టుకున్నాడు. లోపల ముఖం తడిగా ఉన్న సంగతి ఆ విధంగా ఎవరికీ తెలియలేదు.

సరిగ్గా ఆ వారమే ఆయనకు సన్మాన సభ ఆహ్వానపత్రం వచ్చింది. సమాజం ఆయనకు “స్వరయంత్ర ఎంపిక శిరోమణి” బిరుదు ప్రదానం చెయ్యదలచింది. శ్రీనిధి తనకు వచ్చిన తెలుగుతో ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివి, “డాడీ, యే జీరో మనీ క్యా హై? పైసే ఇవ్వరా?” అని అడిగింది.

సభలో రమణమూర్తి ఇలా సెలవిచ్చాడు:

“సోదరసోదరీమణులారా! పాట ఎవడైనా చేస్తాడు. కోకిల చేస్తుంది, కప్ప చేస్తుంది. కాని ఎంచుకోవడం? కోకిల ఏనాడైనా రెండు గొంతులను సరిపోల్చి చూసిందా? లేదు! దొరికిన గొంతుతో కూసేసింది! అదీ దాని వెనకబాటుతనం. మన తిరుమలరావు గారు అటువంటి తొందరపాటుకు లోనుకాలేదు. రెండేళ్ళుగా ఒక్క స్వరం కూడా పలికించకుండా సంగీతాన్ని కాపాడుకుంటూ వచ్చారు. ఈ నిగ్రహం మన యువతకు ఆదర్శం కావాలి!”

శాలువా కప్పించుకుని తిరుమలరావు మైకు అందుకున్నాడు. నిజం చెప్పెయ్యాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాడు.

“నేను ఏమీ కొనలేదండి. ఏమీ చెయ్యలేదు,” అన్నాడు. “ఒక బాణీ ఉండేది. అదీ పోయింది.”

హాలులో చప్పట్లు మిన్నంటాయి. ఇంత వినయం తన జన్మలో చూడలేదని శంకరరావు కళ్ళు తుడుచుకున్నాడు. తిరుమలరావు చెయ్యెత్తి వారించబోయాడు. అది నమస్కారమనుకుని జనం ప్రతినమస్కారం చేశారు. నలభై తొమ్మిదివారూ అరవై ఒకటివారూ కలిసి ఫోటో దిగారు. ఆయన శాలువాతో ఇంటికి నడిచివచ్చి, భోంచెయ్యకుండా పడుకున్నాడు.

ఆ పడుకోవడం నీలవేణికి నచ్చలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అన్నం మీద అలిగింది లేదు. మర్నాడు మధ్యాహ్నం కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఫోను తీసుకుని, కంట్రోలర్లన్నిటిలో తక్కువ ధరది చూసి, కొనెయ్యమని ఉన్నచోట నొక్కింది. నొక్కి, మళ్ళీ బెండకాయల దగ్గరికి వచ్చింది. ఆవిడ పరిశీలనకు పట్టిన సమయం ఒక బెండకాయ.

ఇరవై అయిదు మీటలది వచ్చింది. ఒళ్ళో పట్టింది.

వార్త తెలిసి సమాజంలో గగ్గోలు పుట్టింది. ఎంపిక శిరోమణి ఇంట్లో ఎంపిక లేకుండా కొనుగోలా? అదీ ఇరవై అయిదా? రెండు వర్గాలూ ఏకమై అత్యవసర సమావేశానికి వచ్చాయి. వెనక్కి పంపాలని కొందరు, బిరుదు వెనక్కి తీసుకోవాలని కొందరు. శంకరరావు చట్టాన్ని క్షుణ్ణంగా పరిశీలించి చిక్కుముడి విప్పాడు. కొన్నది భార్య, ఎంచుకోవలసినది భర్త. కనుక కొనుగోలు జరిగిందే గాని ఎంపిక జరగలేదు. వస్తువు ఇంట్లో ఉన్నప్పటికీ తిరుమలరావు న్యాయరీత్యా ఇంకా ఎంచుకుంటూనే ఉన్నాడు. ఈ మేరకు తీర్మానం చేసి, టీ తాగి, అందరూ సంతోషంగా విడిపోయారు.

ఆ సమావేశం జరుగుతున్న సమయంలో తిరుమలరావు ఇంట్లో ఉన్నాడు. తీగ కంప్యూటరుకు తగిలించి, ఒక మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా కూర్చున్నాడు. రెండేళ్ళుగా మీటల గురించి మాట్లాడిన మనిషి వేలు అది. దానికి ఇప్పుడు నొక్కడం భయంగా ఉంది.

“ఇటియ్యి,” అంది అప్పయమ్మ. మంచం మీదనుంచే పెట్టెను ఒళ్ళోకి లాక్కుని, చూపుడువేలితో టక్కున నొక్కింది. కంప్యూటర్లోంచి సన్నాయిలాంటి శబ్దం ఒకటి గదంతా నిండింది. ముసలావిడ ఉలిక్కిపడి, వెంటనే పకపకా నవ్వింది. “ఓలమ్మో! మూగదనుకున్నాను కదరా!” అని ఇంకోటి నొక్కింది. ఇంకోటి. ఆ మూడూ బాగున్నాయని తోచిందేమో, వాటినే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ తల ఊపింది.

“అమ్మా, ఆపకు,” అన్నాడు తిరుమలరావు. “అలాగే నొక్కు.”

ఆయన పోగొట్టుకున్న బాణీ రాలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ రాలేదు. వచ్చింది వేరే. తల్లి నొక్కిన మూడు స్వరాల పక్కన ఆయన ఒకటి పెట్టాడు. తప్పు పెట్టాడు. చెరిపి ఇంకోటి పెట్టాడు. నీలవేణి గుమ్మంలో నిలబడి, “అదిగో, అదుంచండి,” అంది. అదుంచాడు. ఆ వారమంతా ఆఫీసునుంచి రాగానే చెప్పులు విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఇరవై అయిదు మీటల్లో ఆయనకు పదకొండుకి మించి అవసరం పడలేదు. చివరికి ఒక పాట తయారైంది. దాన్ని విని తిరుమలరావు ముఖం కడుక్కుని వచ్చి, ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

శ్రీనిధి ఆ పాటను ఇంటర్నెట్టులో పెట్టింది. వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకున్న తండ్రి బొమ్మ కూడా పక్కన పెట్టింది. సాయంత్రానికి సమాజంవారందరూ స్పందించారు. ఊరివారు స్పందించారు. రాయపూర్‌నుంచి, విశాఖనుంచి, పేరు తెలియని ఊళ్ళనుంచి కూడా జనం రాశారు. ఫోను టింగుటింగుమని మోగుతూనే ఉంది.

“ఏటంటన్నారండీ?” అని నీలవేణి ఆత్రంగా పక్కన కూర్చుంది. అప్పయమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

తిరుమలరావు ఒక్కొక్కటే కిందికి జరుపుతూ చదివాడు. ఆ పెట్టె ఏ కంపెనీది? ఎక్కడ కొన్నారు? ఇప్పుడు తగ్గింపు ఉందా? దీనికన్నా కొత్తది వచ్చింది, చూడలేదా? ఇరవై అయిదు మీటలతో సరిపెట్టుకున్నారా, అయ్యో. చదివి చదివి ఫోను బోర్లా పెట్టాడు.

“పెట్టె బాగుందంట,” అన్నాడు.

వాళ్ళను అని లాభం లేదు. ఆ పెట్టె ఏ కంపెనీదో రాయడం మర్చిపోయారేమిటని మీలో కొందరు ఈపాటికే వెనక్కి వెళ్ళి వెతికి వచ్చారు. మర్చిపోలేదు. నిజానికి ఆ పాట ఎలా ఉందో కూడా ఇందులో ఎక్కడా రాయలేదు. అది మాత్రం ఎవరూ అడగలేదు.